పాఠకుల ప్రశ్నలు: తక్కెడ ముల్లు నుంచి ఎగ్జామినేషన్ దాకా

కిందటి నెల ఈ శీర్షికలో వేరే విషయం చెబుతూ, ఇంగ్లీషు 'ఇంచ్' అనే మాటకు మూలం లాటిన్ 'ఉంకియా' అనీ, దానికి పన్నెండో వంతు అని అర్థమనీ ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయాను. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొని కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలు చూశాక, ఈ నెల శీర్షిక మొత్తాన్ని కొలత మాటలకే ఇవ్వడం న్యాయమనిపించింది. లాటిన్ మాటలను ప్రాచీన రోమనులు పలికిన తీరుకు దగ్గరగా రాస్తున్నాను. వారి 'సి' అక్షరానికి ఎప్పుడూ 'క' ధ్వనే. పదం మొదట్లో అచ్చుకు ముందు వచ్చే 'ఐ' అక్షరానికి 'య' ధ్వని. ఈ రెండు సంగతులు గుర్తుంటే కింద వచ్చే కొన్ని పోలికలు చెవికే తెలిసిపోతాయి.

ప్రశ్న: పోటీ పరీక్షలకు కొన్న పుస్తకంలో 'మేన్సూరా, పొండుస్, లీబ్రా, పేస్, కుబిటుస్, మొడియుస్' అంటూ లాటిన్ కొలత మాటల పట్టిక, ఎదురుగా వాటి ఇంగ్లీషు అర్థాలు ఇచ్చారు. రాత్రి బట్టీపట్టినవి తెల్లవారేసరికి కలగాపులగం అవుతున్నాయి. గుర్తుండే మార్గం ఏదైనా ఉందా?
— డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: పట్టికలో తప్పు లేదమ్మా. అయితే అది మాటను వస్తువు నుంచి విడదీసి చేతికిస్తుంది కాబట్టి మనసుకు పట్టు దొరకదు. లాటిన్ కొలత మాట ఏది తీసుకున్నా దాని వెనుక ఒక వేలో, ఒక పాదమో, ఒక తక్కెడో, ఒక జత ఎద్దులో కనిపిస్తాయి. ఆ వస్తువును ముందు చూసి, తరువాత ఇంగ్లీషు మాట దగ్గరకు వస్తే, బట్టీపట్టాల్సిన పని చాలావరకు తప్పుతుంది.

మొదట 'మేన్సూరా' చూద్దాం. లాటిన్‌లో 'మేటీరీ' అంటే కొలవడం, 'మేన్సూరా' అంటే కొలత. ఇది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరి 'మెజర్' అయింది. మీరు గణితంలో చదువుకున్న 'మెన్సురేషన్'లో ఆ పాత మాట దాదాపు చెక్కుచెదరకుండా నిలిచింది. 'డైమెన్షన్' కూడా దీని సంతానమే. ఇక 'ఇమ్మెన్స్' అనే మాటను విడదీసి చూడండి. మొదటి ముక్క 'ఇన్'కు కానిది అని అర్థం, రెండో ముక్క 'మేన్సుస్'కు కొలిచినది అని అర్థం. కొలతకు అందనిది ఇమ్మెన్స్. ఇప్పుడు మన 'అమితం' తీసుకోండి. 'అ' అంటే కానిది, 'మితం' అంటే కొలిచినది. 'అమితమైన ఆనందం' అని మనం రోజూ అనే మాటా, ఇంగ్లీషువారి ఇమ్మెన్స్ అనే మాటా ఒకే రెండు ముక్కలను ఒకే వరుసలో అతికి, ఒకే అర్థాన్ని రాబట్టాయి. నాకు ఈ పోలిక తెలిసిన రోజున ఆ రెండు మాటలనూ కాగితం మీద పక్కపక్కన రాసుకొని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఇది యాదృచ్ఛికంగా జరిగింది కాదు. సంస్కృతంలో 'మా' అనే ధాతువుకు కొలవడం అని అర్థం. మానం, ప్రమాణం, పరిమాణం, పరిమితి, మాత్ర, ఉపమానం, అనుమానం, ఇవన్నీ దాని బిడ్డలే. లాటిన్ 'మేటీరీ', గ్రీకు 'మెట్రోన్' కూడా అదే పురాతనమైన వేరు నుంచి మొలిచాయని భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించారు. అందుకే 'జామెట్రీ'కి జ్యామితి అనీ, 'ట్రిగనామెట్రీ'కి త్రికోణమితి అనీ పేర్లు పెట్టినప్పుడు ఆ 'మితి' అంత సహజంగా అమరింది. నెలకు మనం చెప్పే మాసం, లాటిన్ 'మేన్సిస్', ఇంగ్లీషు 'మంత్' కూడా ఈ కుటుంబంలోనివే, ఎందుకంటే కాలాన్ని కొలవడానికి మనిషికి దొరికిన మొదటి సాధనం చంద్రుడు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇలాంటి పోలికలు చూడగానే లాటిన్ అంతా సంస్కృతం నుంచే పుట్టిందని కొందరు ఉత్సాహంగా ప్రకటిస్తుంటారు. అది సరి కాదు. రెండూ ఒక తల్లికి పుట్టిన తోబుట్టువులు. పోలికలు అక్కచెల్లెళ్ల ముఖాల్లో కనిపించే పోలికల వంటివి. మరో మాట కూడా చెప్పాలి. మూర, జాన, బెత్తెడు, బార, అడుగు అనేవి అచ్చ తెలుగు మాటలు. వీటికి లాటిన్‌తో రక్తసంబంధం ఏమీ లేదు. అయితే కొలిచే పద్ధతిలో మాత్రం ఆశ్చర్యపడేంత సామ్యం ఉంది, ఎందుకంటే రెండు చోట్లా కొలబద్ద మనిషి ఒళ్లే.

రోమనులకు 'డిగిటుస్' అంటే వేలు, దాని వెడల్పే చిన్న కొలత. నాలుగు వేళ్లు చేరిస్తే 'పల్ముస్', అంటే అరచెయ్యి, మన బెత్తెడు లాంటిది. పదహారు వేళ్లు 'పేస్', అంటే పాదం, దాదాపు 29.6 సెంటీమీటర్లు. ఇరవై నాలుగు వేళ్లు 'కుబిటుస్', అంటే మోచెయ్యి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో హస్తానికి ఇరవై నాలుగు అంగుళాలు. మన మూరకు రెండు జానలు, జానకు పన్నెండు అంగుళాలు, మొత్తం ఇరవై నాలుగే. దేవుని కడప గుడి ముందు కనకాంబరాల దండ అమ్మే ఆమె మోచేతి దగ్గర దండ కొసను బొటనవేలితో అదిమి, నడివేలి కొన దాకా సాగదీసి 'ఇదిగో మూర' అని తుంచి ఇస్తుంది. పొడుగు చేతుల కొనుగోలుదారు 'నీ మూర చిన్నదమ్మా' అని తన చెయ్యి చాపి చూపిస్తాడు. ఆ దండ జారుతున్న ముంజేతిని ఒక్కసారి తలచుకుంటే కుబిటుస్ ఇక మరిచిపోరు. తెలుగు బైబిలు చదివినవారికి నోవహు ఓడ 300 మూరల పొడవు అని గుర్తుండే ఉంటుంది. ఇంగ్లీషు బైబిలులో ఆ చోట ఉన్న మాట 'క్యూబిట్', అంటే మన కుబిటుసే.

'పేస్' అనే మాటకు షష్ఠీ రూపం 'పెడిస్'. దీనికి మన పాదం, ఇంగ్లీషు ఫుట్ సోదరులు. 'పెడల్', 'పెడెస్ట్రియన్' అన్న మాటల్లో లాటిన్ పాదం నేరుగా కనిపిస్తుంది. సంతలో మనం అడిగే పావు కిలో ఎర్రగడ్డలలోని 'పావు' కూడా నాలుగో వంతు అనే అర్థంలో ఉన్న పాదమే.

డిజిట్ అంటే అంకె అని మనకు తెలుసు, వేళ్లతో లెక్కపెట్టడం వల్ల వేలి పేరే అంకెకు వచ్చింది. అయితే ఇంచ్‌కు మనం అంగుళం అని అనువాదం చెప్పుకుంటాం కాబట్టి ఇంచ్ అంటే వేలు అని పొరబడకూడదు. రోమనులు పాదాన్ని రెండు విధాలుగా భాగించారు. పదహారుగా భాగిస్తే వచ్చేది డిగిటుస్, పన్నెండుగా భాగిస్తే వచ్చేది ఉంకియా. ఇంచ్ రెండోదాని వారసత్వం. మన అంగుళానికి అర్థంలో నిజమైన జంట డిగిటుస్.

ప్రశ్న: మాది బంగారు వ్యాపారం చేసే కుటుంబం. పౌండును రాతలో 'ఎల్‌బి' అని ఎందుకు రాస్తారు? ఆ రెండు అక్షరాలు పౌండ్ అనే మాటలో లేనే లేవు కదా. అలాగే బంగారానికి 24 క్యారెట్లు అనే లెక్క ఎక్కడిది? నూరు అని ఎందుకు పెట్టుకోలేదు?
— పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: బంగారం అంగళ్ల ఊరి నుంచి రావలసిన ప్రశ్నే వచ్చింది. లాటిన్‌లో 'లీబ్రా' అంటే తక్కెడ. ఆ తక్కెడలో వేసే ఒక ప్రమాణపు తూకానికీ అదే పేరు, మన లెక్కలో సుమారు 327 గ్రాములు. ఆకాశంలోని తులారాశికి ఇంగ్లీషులో లిబ్రా అని పేరు నిలిచింది ఈ తక్కెడ వల్లనే. తూకం చెప్పేటప్పుడు రోమనులు 'లీబ్రా పొండో' అనేవారు, అంటే 'తూకంలో ఒక లీబ్రా'. ఈ జంట మాటలో రెండోదాన్ని ఇంగ్లీషువారి పూర్వికులు నోటితో తీసుకున్నారు, అది పౌండ్ అయింది. మొదటిది రాతలో మిగిలిపోయింది, అదే ఎల్‌బి. బ్రిటిష్ పౌండు నాణేనికి వాడే గుర్తు కూడా లీబ్రా మొదటి అక్షరం మీద అడ్డగీత గీసినదే.

లీబ్రాలో పన్నెండో వంతు ఉంకియా. పాదంలో పన్నెండో వంతూ ఉంకియానే. పొడవులోని ఉంకియా ఇంగ్లీషులో ఇంచ్ అయింది, తూకంలోని ఉంకియా ఔన్స్ అయింది. ఒకే మాట రెండు దారుల్లో వచ్చి, ఒకటి టేపు మీద, మరొకటి మందు సీసా మీద కూర్చుంది. ఉంకియాలో ఇరవై నాలుగో వంతుకు 'స్క్రీపులుమ్' అని పేరు. ఆ మాటకు మొదటి అర్థం చిన్న మొనదేలిన రాయి. ఇంగ్లీషులో 'స్క్రూపుల్' అంటే అంతరాత్మ పెట్టే ముల్లు అనే అర్థం దీని నుంచే వచ్చింది. చెప్పులో దూరిన గులకరాయి నడిచే ప్రతి అడుగులోనూ గుచ్చినట్టు, చేసిన తప్పు మనసులో గుచ్చడం అన్నమాట.

ఇక క్యారెట్ సంగతి. మధ్యధరా సముద్ర తీరాల్లో క్యారబ్ అనే చెట్టు పెరుగుతుంది. దాని కాయ కొమ్ములా వంగి ఉంటుంది కాబట్టి గ్రీకులు దాని గింజను 'కెరాటియోన్' అన్నారు, అంటే చిన్న కొమ్ము. అది అరబ్బుల నోట 'కీరాత్' అయి, తరువాత ఐరోపాకు తిరిగివచ్చి క్యారెట్ అయింది. ఆ చెట్టు కాయకే రోమనులు 'సిలిక్వా' అని పేరు పెట్టుకొని, దాని గింజ ఎత్తును ఒక తూకంగా వాడారు. లీబ్రాలో 1,728వ వంతు ఒక సిలిక్వా. కాన్‌స్టంటైన్ చక్రవర్తి ప్రవేశపెట్టిన 'సోలిదుస్' అనే బంగారు నాణెం లీబ్రాలో 72వ వంతు, కాబట్టి లెక్క కడితే ఒక్కో నాణేనికి సరిగ్గా 24 సిలిక్వాలు. నాణెంలోని 24 వంతులూ బంగారమైతే అది మేలిమి, 22 వంతులు బంగారమై రెండు వంతులు వేరే లోహమైతే అది 22 క్యారెట్లు. మీ అంగట్లో నగల మీద కొట్టే 916 అనే ముద్ర కూడా ఇదే లెక్క: 22ను 24తో భాగిస్తే వెయ్యికి 916 చిల్లర వస్తుంది.

మన కంసాలులు ఇదే పనిని గురిగింజతో చేశారు. 96 గురిగింజల ఎత్తు ఒక తులం అన్నది పాత లెక్క, నేటి కొలతలో 11.66 గ్రాములు. వాళ్లకు క్యారబ్ గింజ దొరికింది, మనకు గురిగింజ దొరికింది. వజ్రకరూరు, జొన్నగిరి పొలాల్లో తొలకరి వానలకు వజ్రాలు వెతికేవారు చెప్పుకొనే క్యారెట్టు మాత్రం తూకపు క్యారెట్టు, అంటే 200 మిల్లీగ్రాములు. నగల క్యారెట్టు మేలిమిని చెబుతుంది, వజ్రాల క్యారెట్టు బరువును చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం చాలామంది చేసే పొరపాటు. తులం అనే మాటకు మూలమైన 'తుల' కూడా లాటిన్‌కు దూరపు బంధువే. గ్రీకులో తక్కెడకూ, దానిలో తూచిన ధనానికీ పేరైన 'టలంటోన్', దాని లాటిన్ రూపం 'టలెంటుమ్', మన తుల ఒకే వేరువి. దాని నుంచి వచ్చిన 'టాలెంట్' అనే మాట ఇప్పుడు ప్రతిభకు పేరైంది.

తక్కెడ దగ్గర ఉన్నాం కాబట్టి ఇంకో రెండు మాటలు చెప్పి ముగిస్తాను, ఎందుకంటే నాకు అన్నింటికంటే ఇష్టమైనవి ఇవే. 'బిలాంక్స్' అంటే రెండు తట్టలున్నది. దాని నుంచి వచ్చిందే బ్యాలెన్స్. బ్యాంకులో మనం అడిగే బ్యాలెన్సులో రెండు తట్టలూ ఇంకా ఊగుతూనే ఉన్నాయి. తక్కెడ దండె నడుమ నిలిచే ముల్లుకు లాటిన్‌లో 'ఎక్సామెన్' అని పేరు. పాత చేతి తక్కెడతో బంగారం తూచే పెద్దమనిషిని గుర్తు చేసుకోండి. తట్టలో గింజ వేసి, ఊపిరి బిగబట్టి, ఆ ముల్లు నిట్టనిలువుగా ఆగేదాకా కన్నార్పకుండా చూస్తాడు. ముల్లును అంత శ్రద్ధగా చూడటమే 'ఎగ్జామిన్' చేయడం. ఎగ్జామినేషన్ అనే మాట అక్కడి నుంచి వచ్చింది.

ప్రశ్న: 'పింఛను' ఏ భాష మాట? మా వీధిలో దీని మీద వాదన జరిగింది.
— విశ్రాంత ఉద్యోగి, రాయచోటి

జవాబు: ఇదీ తక్కెడ మాటే. లాటిన్‌లో 'పెండెరె' అంటే వేలాడదీయడం, తక్కెడకు వేలాడదీసి తూచడం. పూర్వం రోమనులు కంచు ముక్కలను తూచి చెల్లింపులు చేసేవారు కాబట్టి, తూచడమే ఇవ్వడం అయింది, 'పెన్సియో' అంటే చెల్లింపు అయింది. అది ఇంగ్లీషు పెన్షన్, మన నోట పింఛను. 'ఎక్స్‌పెన్స్', 'స్టైపెండ్' కూడా అక్కడివే. ఇదే కుటుంబానికి చెందిన 'పొండుస్' అంటే బరువు. దాని నుంచి వచ్చిన ఇంగ్లీషు 'పాండర్' అంటే లోతుగా ఆలోచించడం. మనం 'ఆచితూచి మాట్లాడు' అనడంలో ఉన్న తూకమే అది. మీ వాదనలో రేషన్, కోటా కూడా వచ్చి ఉంటే వాటినీ తేల్చేస్తాను. లాటిన్ 'రాటియో' అంటే లెక్క, దాని నుంచి రేషన్. 'క్వోటా పార్స్' అంటే ఎన్నో వంతు, దాని నుంచి కోటా.

ప్రశ్న: నేను కట్టడాల మేస్త్రీల దగ్గర సూపర్‌వైజరుగా ఉన్నాను. ఇంజినీరు 'లెవల్, నార్మల్, పెర్పెండిక్యులర్' అంటారు, మా మేస్త్రీలు రసమట్టం, మూలమట్టం, తూకం గుండు అంటారు. ఈ ఇంగ్లీషు మాటలకు కూడా లాటిన్ మూలాలు ఉన్నాయా?
— పాఠకుడు, బేతంచెర్ల

జవాబు: ఉన్నాయి. మీ మేస్త్రీల చేతిసంచిని విప్పితే ఒక్కొక్క పనిముట్టుకు ఒక్కొక్క లాటిన్ మాట దొరుకుతుంది. 'నోర్మా' అంటే మూలమట్టం, గోడ మూల లంబకోణంలో ఉందో లేదో చూసే పనిముట్టు. దానికి సరిపోయినది 'నార్మల్'. గణితంలో ఒక తలానికి లంబంగా ఉండే గీతను నార్మల్ అనడం ఆ మొదటి అర్థాన్ని ఇప్పటికీ కాపాడుతోంది. మూలమట్టం పరిధి దాటిపోయినది 'ఎనార్మస్'. మొదట్లో దానికి అడ్డదిడ్డమైనది అనే అర్థం ఉండేది, పెద్దది అనే అర్థం తరువాత స్థిరపడింది. 'లీబెల్లా' అంటే చిన్న లీబ్రా, చిన్న తక్కెడ. మట్టం చూసే సాధనానికి ఆ పేరు పెట్టారు. అదే ఫ్రెంచి మీదుగా 'లెవల్' అయింది. ప్రొద్దుటూరు బంగారు తక్కెడకూ మీ రసమట్టానికీ పేరులో చుట్టరికం ఉందన్నమాట. 'పెర్పెండికులుమ్' అంటే తూకం గుండు, ఇంతకు ముందు చెప్పిన పెండెరె నుంచే, వేలాడేది అనే అర్థంలో. ఆ గుండును సీసంతో చేసేవారు. సీసానికి లాటిన్‌లో 'ప్లుంబుమ్' అని పేరు కాబట్టి ఇంగ్లీషులో గుండును 'ప్లంబ్' అంటారు, సీసపు గొట్టాలతో పనిచేసేవాడు 'ప్లంబర్' అయ్యాడు.

మా ఇంట్లో వంటగదికి కడప బండ పరిచిన రోజున, బండ మీద నీళ్లు చల్లి అవి ఏ వైపుకు జారుతాయో చూసిన తరువాతే మేస్త్రీ రసమట్టం పెట్టాడు. రెండూ ఒకే మాట చెప్పాయి. నీటి తలం కంటే పాత లెవల్ ఇంకోటి లేదు.

ప్రశ్న: సర్వేలో ఎకరం, సెంటు అంటారు, పథకాల కాగితాల్లో హెక్టారు అని ఉంటుంది, మార్కెట్ యార్డులో క్వింటాలు అంటారు. వీటిలో ఏది ఎవరి మాట?
— పత్తి, వేరుశనగ రైతు, ఆదోని

జవాబు: మీ ప్రశ్నలో లాటిన్ 'కెంటుమ్' రెండు చోట్ల దాగి ఉంది. కెంటుమ్ అంటే నూరు, మన 'శతం'కు సోదరి. ఎకరాన్ని నూరు భాగాలు చేస్తే ఒక సెంటు, అంటే 435.6 చదరపు అడుగులు. నూరు కిలోలు చేరిస్తే క్వింటాలు. క్వింటాలు చాలా దూరం తిరిగి వచ్చిన మాట. నూటికి సంబంధించినది అనే అర్థం గల లాటిన్ 'కెంటేనారియుస్' గ్రీకులోకి, అక్కడి నుంచి అరబ్బీలోకి వెళ్లి 'ఖింతార్' అయి, మళ్లీ మధ్యయుగపు లాటిన్‌కు, ఫ్రెంచికి, ఇంగ్లీషుకు చేరి, చివరికి ఆదోని యార్డులో కాటా దగ్గర దిగింది. భూమిలో నూరో వంతుకూ తూకంలో నూరింతలకూ ఒకే మాట మూలం కావడం గమనించదగినది.

ఎకరం మాత్రం లాటిన్ నుంచి దిగలేదు. అది అసలైన ఇంగ్లీషు మాట. లాటిన్‌లో పొలానికి పేరైన 'అగెర్' దానికి సోదరి. అగ్రికల్చర్‌లో ఉన్నది ఆ అగెరే. రోమను రైతు తన పొలాన్ని కొలిచింది 'యూగెరుమ్'తో. 'యుగుమ్' అంటే కాడి. చెవికి తెలిసింది కదా, మన సంస్కృతంలో కాడికి పేరు యుగం, రెండూ ఒకటే. ఒక కాడికి కట్టిన జత ఎద్దులు ఒక రోజులో దున్నగలిగిన నేల కాబట్టి దానికి యూగెరుమ్ అని పేరు వచ్చిందని రోమను రచయిత ప్లీనీ రాశాడు. ఎద్దులు ఆగకుండా ఒక్క ఊపున లాగగలిగే సాలు పొడవు 120 అడుగులు, దానికి 'ఆక్టుస్' అని పేరు. 120 అడుగుల వెడల్పు, దానికి రెట్టింపు పొడవు ఉన్న నేల ఒక యూగెరుమ్. రోమను అడుగు మన అడుగు కంటే కొంచెం చిన్నది, అందువల్ల మన లెక్కలో అది సుమారు 62 సెంట్లు. మడక దున్నిన మీ పెద్దలను అడిగి చూడండి, ఒక జత ఎద్దులతో పొద్దుగూకేలోగా ఎంత నేల తెగేదో వారు చెప్పే లెక్కను దీని పక్కన పెట్టి చూస్తే మీకే ముచ్చటగా ఉంటుంది. ఇంగ్లీషువారి ఫర్లాంగు కూడా అలాంటిదే, పొడవైన సాలు అని దాని అర్థం, 660 అడుగులు.

హెక్టారులో 'హెక్టో' గ్రీకు మాట, నూరు. 'ఆర్' అనేది లాటిన్ 'ఆరెఆ' నుంచి వచ్చింది. ఇంగ్లీషులో 'ఏరియా' అంటే వైశాల్యం అని మనం బడిలో నేర్చుకున్నాం, కానీ రోమను రైతుకు ఆరెఆ అంటే ఖాళీ నేల, ఇంకా చెప్పాలంటే కళ్లం. చదును చేసి, కోసిన పంటను నూర్చే ఆ కళ్లమే పుస్తకాల్లో ఏరియా అయింది.

కళ్లం దాకా వచ్చాం కాబట్టి 'మొడియుస్' కూడా చెబుతాను. అది ధాన్యం కొలిచే పాత్ర, సుమారు 8.7 లీటర్లు పట్టేది. మన మానిక, కుంచం లాంటిదే, కుంచం కొలత ప్రాంతాన్ని బట్టి మారేది. దాని మాతృక 'మొడుస్', అంటే హద్దు, పరిమాణం. హద్దులో ఉన్నది 'మోడరేట్', హద్దు తెలిసిన నడవడి 'మోడెస్ట్'. మనం మితాహారం, మితభాషి అనడం వంటిదే. మా తాతగారి కళ్లంలో కుంచంతో గింజలు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ఒకటి అనేవారు కాదు, 'లాభం' అని గట్టిగా పలికి, తరువాత 'రెండు, మూడు' అని లెక్క సాగించేవారు. పుట్టికి ఇరవై తూములు. గోతాలు నిండేదాకా ఆ గొంతు ఆగేది కాదు. యార్డులో ఎలక్ట్రానిక్ కాటా మీద ఎర్రటి అంకెలు వెలిగే ఈ రోజుల్లో ఆ 'లాభం' అనే మాట వినబడని లోటు నాకు తెలుస్తూనే ఉంటుంది.

ప్రశ్న: 'మిల్లీ' అంటే వెయ్యి అని ఒకరు, వెయ్యో వంతు అని ఒకరు చెబుతున్నారు. మా మండలంలో 12 మిల్లీమీటర్ల వాన అని పేపర్లో వస్తే, నా ఎకరంలో నిజంగా ఎన్ని నీళ్లు పడినట్టు? టీఎంసీ, క్యూసెక్కు కూడా లాటినేనా?
— పాఠకుడు, ఉరవకొండ

జవాబు: ఇద్దరూ సగం సగం నిజమే చెప్పారు. లాటిన్ 'మీల్లె' అంటే వెయ్యి. రోమను సైనికుడు ఎడమ కాలు మోపిన చోటు నుంచి మళ్లీ ఎడమ కాలు మోపే దాకా ఒక 'పస్సుస్', ఐదు అడుగులు. అలాంటివి వెయ్యి 'మీల్లె పస్సూస్', అదే మైలు, వారి లెక్కలో సుమారు 1,480 మీటర్లు. ఇంగ్లండులో ఎలిజబెత్ రాణి కాలంలో 1593లో చేసిన చట్టం మైలును 5,280 అడుగులుగా స్థిరపరిచింది. మన మైలురాయిలో మిగిలిన మైలు అదే.

ఫ్రెంచివారు 1795 ఏప్రిల్ 7న చేసిన చట్టంలో దశాంశ కొలతలకు పేర్లు పెడుతూ ఒక నియమం పెట్టుకున్నారు. పెద్దవి చేసేటప్పుడు గ్రీకు మాటలు: డెకా, హెక్టో, కిలో. చిన్నవి చేసేటప్పుడు లాటిన్ మాటలు: డెసి, సెంటి, మిల్లీ. అందువల్ల మాటకు వెయ్యి అని అర్థమైనా, కొలతలో అది వెయ్యో వంతు అయింది. ఈ నియమం ఒక్కటి పట్టుకుంటే కిలోకూ మిల్లీకీ మధ్య తికమక ఉండదు. మన దేశంలో 1957 ఏప్రిల్ 1న నయా పైసలూ, 1958 అక్టోబరు నుంచి కిలోగ్రాములూ వచ్చాయి. శేరు, వీసెలతో పెరిగిన తరానికి ఈ గ్రీకు, లాటిన్ ఉపసర్గలు నోరు తిరగడానికి కొంత కాలం పట్టింది.

టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ల ఘనపుటడుగులు. అందులోని 'మిలియన్' పెద్ద వెయ్యి అనే అర్థంలో మీల్లె నుంచే పుట్టింది. క్యూసెక్కులో చివరి ముక్క సెకండు. గంటను అరవై చిన్న భాగాలు చేస్తే వచ్చేది మొదటి చిన్న భాగం, లాటిన్‌లో 'పార్స్ మినూటా ప్రీమా', అది మినిట్. దాన్ని మళ్లీ అరవై చేస్తే రెండో చిన్న భాగం, 'సెకుండా', అది సెకండు. సెకండుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే క్యూసెక్కు. 11,574 క్యూసెక్కులు ఒక రాత్రి, ఒక పగలు ఆగకుండా పారితే ఒక టీఎంసీ. పోతిరెడ్డిపాడు వార్తలు చదివేటప్పుడు ఈ ఒక్క అంకె దగ్గర ఉంచుకుంటే లెక్క మీరే కట్టుకోవచ్చు.

ఇక మీ ఎకరం. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీరు. ఎకరానికి సుమారు 4,047 చదరపు మీటర్లు. 12 మిల్లీమీటర్లు అంటే మీ ఎకరం మీద దాదాపు 48,560 లీటర్లు కురిసింది. అయితే వానమాపకం ఉన్న చోట పడినంత మీ చేనులో పడి ఉండకపోవచ్చు. పడినదంతా నేలలోకి దిగి ఉండకపోవచ్చు కూడా. దిగిందెంతో తెలుసుకోవడానికి మీ పెద్దలు చేసినట్టే చేనులో నాలుగైదు చోట్ల పారతో తవ్వి, తడి మన్ను ఎక్కడ ఆగిందో చెయ్యి పెట్టి చూడండి. బెత్తెడు దిగిందా, జానెడు దిగిందా అన్నదాన్ని బట్టి గొర్రు కట్టాలా, ఇంకో వాన కోసం ఆగాలా అని నిర్ణయించుకోండి.